టమోటాతో పేపరు చేయు విధానం

మా పత్తికొండలో టమోటాతో పప్పు చేస్తారు, పచ్చడి నూరుతారు, రేటు పడిన ఏడు రోడ్డు మీద పారబోసి రాస్తారోకో చేస్తారు. దాంతో పేపరు కూడా చేయొచ్చని, ఒక యూనివర్సిటీ మేనేజ్‌మెంట్ డిపార్ట్‌మెంటులో పీహెచ్‌డీకి చేరేదాకా నాకు తెలీదు. తెలిశాక ఒకే టమోటాను మూడు నేషనల్ సెమినార్లలో వడ్డించాను. కొత్తగా చేరేవాళ్ళు నాలాగా తడుముకోకూడదని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ముందు పేరు కుదరాలి. ‘టమోటా రైతు ఎందుకు మునుగుతున్నాడు’ అని పెట్టారో, మిమ్మల్ని విలేకరి అనుకుంటారు. ‘టమోటా విలువ గొలుసులో భాగస్వాముల సంతృప్తి స్థాయి: కర్నూలు జిల్లాకు ప్రత్యేక అన్వయంతో ఒక అధ్యయనం’ అని పెట్టండి. మధ్యలో ఆ రెండు చుక్కలు లేకపోతే అది పరిశోధన కాదు. ‘ప్రత్యేక అన్వయం’ మరీ ముఖ్యం. రేపు గుంటూరు మిర్చి మీద సెమినార్ పడితే రెండు మాటలు మార్చుకుని అదే పేపరుతో బస్సెక్కొచ్చు.

తర్వాత పెద్దల మాట. ధర పలికిన ఏడు చూసి అందరూ నాటుతారు. ఆ పంటంతా ఒక్కసారి మార్కెట్టుకొచ్చేసరికి ధర పడుతుంది. పడిందని మానుకుంటే మళ్ళీ లేస్తుంది. దీన్ని సాలెగూడు సిద్ధాంతం అంటారు, నికొలస్ కాల్డార్ 1934లో పెట్టిన పేరు. మా చిన్నాయన అదే సంగతి, “పోయినేడు రేటొచ్చెనని ఊరంతా నాటిరి, ఈయేడు ఊరంతా మునిగిరి” అని తేల్చేస్తాడు. మీరు కాల్డార్‌నే ఉదహరించండి, చిన్నాయనకు పేజీ నంబరు లేదు. 2023 వేసవి పోయాక పట్నాల్లో కిలో రెండొందలు దాటడమూ, కిలో రూపాయికి అడిగే నాథుడు లేక మావాళ్ళు కుప్పలు పోసి పోవడమూ రెండూ కలిపి ‘ధరల ఒడుదుడుకులు’ అనేస్తే సరి. 2018-19 కేంద్ర బడ్జెట్లో టమోటా, ఉల్లి, ఆలుగడ్డల కోసం రూ.500 కోట్లతో ప్రకటించిన ఆపరేషన్ గ్రీన్స్‌ను తలుచుకుంటే ఇంకో పేరా నిండుతుంది.

ఇక సమాచార సేకరణ. పల్లెల మీద పడి తిరగొద్దని నా సలహా. సర్ థామస్ మన్రో సంగతి తెలుసు కదా. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాలకు కలెక్టరు. తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు. పదవి దిగి ఇంగ్లండు పోయేముందు పాత జిల్లాలను ఒకసారి చూసిపోదామని బయల్దేరి, 1827 జూలై 6న మా పత్తికొండలోనే కలరాతో కన్నుమూశాడు. గూగుల్ ఫారం పంపినందుకు ఇంతవరకూ ఎవరికీ ఏమీ కాలేదు.

నాది ఆ ఊరే కాబట్టి నాకు తప్పలేదు. ఇరవై వాక్యాల ప్రశ్నావళి పట్టుకుని మార్కెట్ యార్డుకు పోయాను. ప్రతి వాక్యానికీ ఒకటి నుంచి అయిదు దాకా గళ్ళు. ఒకటంటే అసలు ఒప్పుకోను, అయిదంటే పూర్తిగా ఒప్పుకుంటాను. రెన్సిస్ లైకర్ట్ 1932లో కనిపెట్టిన ఈ కొలబద్ద లేకుండా మేనేజ్‌మెంట్ శాస్త్రంలో పూట గడవదు. చిన్నాయన ఖాళీ గంప బోర్లించి దాని మీద కూర్చుని తువాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. మొదటి వాక్యం చదివాను. ‘మార్కెట్టులోని సౌకర్యాలతో నేను సంతృప్తిగా ఉన్నాను.’

“ఎంత వేసుకోమంటావు చిన్నాయనా? ఒకటా, అయిదా?”

“అయిదు ఎవురిస్తాండార్రా? ఇప్పుడే రెండుకు కొట్టేసినారు. రెండు వేసుకో.”

“ధర కాదు చిన్నాయనా, సంతృప్తి.”

“రెండ్రూపాయలకు ఎంత వస్తుందో అంతే వేసుకో.”

ఇరవైకీ రెండే వేశాను. పక్కనున్న పెద్దాయన కాయలు కాస్త గట్టిగా, నిగనిగలాడుతున్నాయి, మూడు పలికాయట. ఆయన ఇరవైకీ మూడు. మర్నాడు సరుకెత్తే లారీలు తక్కువొచ్చి రేటు ఇంకా దిగింది, ఆ రోజు దొరికినవాళ్ళంతా ఒకటి. ఎవర్ని అడిగినా అంతే.

గైడుగారికి చూపించడానికి భయపడ్డాను. అనవసరంగా! క్రాన్‌బాక్ ఆల్ఫా అని ఒకటుంది, 1951 నాటిది. ఒక మనిషి ఇచ్చే జవాబులు ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయా లేదా అని చూస్తుంది. 0.7 దాటితే ప్రశ్నావళి నమ్మదగిందే అని లెక్క. ఇరవై ప్రశ్నలకూ తన కాయల ధరే చెప్పేవాడి కంటే పొసిగే మనిషి ఎక్కడ దొరుకుతాడు? నా ఆల్ఫా 0.7 దాటి ఆకాశానికి పోయింది. “ఇంత శుభ్రమైన డేటా ఈ మధ్య చూళ్ళేదయ్యా” అని గైడుగారు భుజం తట్టారు.

స్లయిడ్ల విషయంలో అశోకుణ్ణి అనుసరించండి. గుత్తికీ పత్తికొండకూ మధ్య ఎర్రగుడి బండల మీద ఆయన చెక్కించిన శాసనాల్లో ఒకచోట వరుసలు ఒకటి కుడికి, ఒకటి ఎడమకు పోతాయి, చాలు చివర ఎద్దులు మళ్ళినట్టు. అదీ బ్రాహ్మీలో. అయినా పండితులు విప్పి చదివారు. మీ ఒక్క స్లయిడు మీద ఆరు పట్టికలు ఇరికించినా ఎవరో ఒకరు చదవకపోరు.

సెమినార్ రోజున పదింటికి ప్రారంభమంటే పదకొండున్నరకు పోండి. అప్పటికి వేదిక మీద పన్నెండు కుర్చీలు సర్దుతుంటారు. జ్యోతి వెలిగించబోతే ఫ్యాను గాలికి ఆరిపోతుంది. ఫ్యాను కట్టెయ్యమంటే అటెండరు మైకు స్విచ్చి కట్టేస్తాడు. తర్వాత శాలువాలు. మీ సెషను భోజనాల తర్వాత పడుతుంది. మనిషికి అయిదు నిమిషాలంటారు. ఎనిమిదోవాడి దగ్గరికొచ్చేసరికి అది రెండవుతుంది. ‘సమయాభావం వల్ల’ అని మొదలుపెట్టి నేరుగా సూచనల్లోకి దూకండి. శీతల గిడ్డంగులు కట్టాలి, రైతుల్లో అవగాహన పెంచాలి. సూచనలు ఈ రెండే, పంట ఏదైనా సరే. రూపాయికి అమ్ముకుని ఇంటికొచ్చిన రైతుకు ఇంకా ఏ అవగాహన తక్కువైందని అడిగేవాళ్ళు ఆ సమయానికి హాల్లో ఉండరు. సర్టిఫికెట్ల కౌంటరు దగ్గరుంటారు. థీసిస్ ఇచ్చేలోపు రెండు సదస్సుల్లో పేపరు చదివి తీరాలని యూజీసీ 2016లో పెట్టిన షరతు 2022 నిబంధనల్లో లేదు. ఆ కౌంటరు ముందు వరుస మాత్రం నేను చూసినంతవరకు తగ్గలేదు.

నన్ను మూడు ప్రశ్నలడిగారు. శాంపిల్ ఎంత? ఏ సాఫ్ట్‌వేర్ వాడావు? మూడోది ప్రశ్న కాదు, ఒక రిటైర్డ్ ప్రొఫెసరుగారు తన థీసిస్ కథ చెప్పారు. కిలో ఎంత పలుకుతోందని మాత్రం ఎవరూ అడగలేదు. మధ్యాహ్నం భోజనంలో టమోటా రసం బాగుంది.

ఊరికి పోతే చిన్నాయన అడిగాడు, “ఏమన్నార్రా సార్లు?”

“బాగుందన్నారు చిన్నాయనా.”

“రేటు పెంచుతారంటనా?”

పేపరు ప్రొసీడింగ్స్ పుస్తకంలో అచ్చయింది, ఐఎస్‌బీఎన్ నంబరు కూడా ఉంది. మీలో ఎవరైనా దాన్ని ఉదహరించేటట్టయితే ఒక్క మనవి. ఆ పట్టికలో ఒకట్లు, రెళ్ళు, మూళ్ళు కనిపించిన చోటల్లా పక్కన ‘రూపాయలు’ అని రాసుకోండి.