కర్చీఫ్ హక్కు

పండగ రద్దీలో పల్లెవెలుగు బస్సు ప్లాట్‌ఫారం దగ్గర ఆగీ ఆగకముందే కిటికీ ఊచల సందులోంచి లోపల పడే కర్చీఫును సీటు మీద హక్కుపత్రంగా సమాజం ఎన్నడు అంగీకరించిందో చరిత్రకారులు పట్టించుకోలేదు గాని, తత్త్వశాస్త్రంలో మాత్రం దానికి కొంత ఆధారం దొరుకుతుంది. ఎవరి సొత్తూ కాని వస్తువుకు మనిషి తన శ్రమను జోడిస్తే అది అతని సొంతమవుతుందనీ, అయితే తక్కినవారికి చాలినంత, అంతే మేలైనది మిగిల్చినప్పుడే ఆ హక్కు చెల్లుతుందనీ ఇంగ్లండు తత్త్వవేత్త జాన్ లాక్ 1689లో వెలువడిన గ్రంథంలో వాదించాడు. కదిలే బస్సు వెంట పరుగెత్తి, మునివేళ్ల మీద లేచి, గురి తప్పకుండా గుడ్డ విసరడం శ్రమే కాబట్టి సిద్ధాంతంలో మొదటి సగం కర్చీఫ్ పక్షానే ఉంటుంది. గుడ్డ కొలతను బట్టి హక్కు పెరుగుతుందా అన్న చిక్కు మాత్రం లాక్‌కు తట్టలేదు: కర్చీఫుకు ఒక సీటు అయితే తువ్వాలుకు ముగ్గురి సీటు మొత్తం దక్కుతుంది, దుప్పటి తెస్తే డ్రైవరు సీటుకూ భద్రత ఉండదు. చేతిసంచిని జరిపితే దొంగతనం నింద పడుతుంది గనుక దానికి బలం ఎక్కువ. దినపత్రికను తీసి, చదువుకుంటూ అక్కడే కూర్చోవచ్చు గనుక దానికి బలం తక్కువ. ఇక కిటికీలోంచి దింపిన చంటిపిల్లవాడిది తిరుగులేని హక్కు, ఎందుకంటే దస్తావేజే ఏడుపు లంకించుకుంటే ప్రతివాది లేచిపోవలసిందే.

ఆ సిద్ధాంతంలో రెండో సగానికి వస్తే, నొప్పెట్టే మోకాళ్లను తలచుకుని తనకొక సీటు చూసుకోవడం స్వప్రయోజనం, అనగా పక్కవారి వాటా మింగకుండా తన అవసరం తీర్చుకోవడం; టీ కొట్టు దగ్గర తీరిగ్గా ఉన్నవారి కోసం మూడు సీట్లకు తువ్వాలు పరచి, నిలబడ్డ ముసలావిడతో "మనుషులొస్తున్నారమ్మా" అని కిటికీ వైపు తిరగడం స్వార్థం. ఇంత తేలిక తేడా తెలిసి కూడా కండక్టరు తువ్వాలును వదిలేసి ముసలావిడకే "సర్దుకోండమ్మా" అని చెప్పడం ఏ శాస్త్రానికీ అందదు.

అయితే తువ్వాలు వేసినవాడు తరచు తనవాళ్లందరినీ కూర్చోబెట్టి తాను నిలబడే ప్రయాణిస్తాడు కాబట్టి అతన్ని పూర్తిగా తిట్టడం కుదరదు. గుడ్డ విసరడం సంస్కారం కాదనుకునే పెద్దమనిషీ నిలబడే వెళ్తాడు. అతని సంస్కారంలో వాటా అడగకుండానే దక్కించుకున్న అతని భార్యా పక్కనే నిలబడుతుంది. ఇల్లు చేరాక ఆమె కాళ్లకు రాసుకునే నొప్పుల నూనె ఖర్చు మాత్రం అతని లెక్కలో ఎక్కడా పడదు.