ఆకాశానికి చదరపు అడుగు రేటు

కంటికి ఎంత ఖాళీ కనిపిస్తోందో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్లు కొత్తవేం కావు. ఒకచోట నిలబడితే చూపు ఆనేంత మేరను ‘ఐసోవిస్ట్’ పేరుతో గణితంలోకి దింపి, 1979లోనే మైకేల్ బెనెడిక్ట్ అనే పరిశోధకుడు వ్యాసం రాశాడు. 2003లో హైఫాలోని టెక్నియాన్ పరిశోధకులు డఫ్నా ఫిషర్-గెవిర్ట్జ్‌మన్, ఇజ్రాయెల్ వాగ్నర్ దాన్ని మూడు కొలతల్లోకి తెచ్చారు. కిటికీ దగ్గర ఒక బిందువు పెట్టండి, అక్కణ్ణుంచి అడ్డం లేకుండా కనిపించే ఖాళీ ఎంతో ఘనపరిమాణంలో వచ్చేస్తుంది. ఇళ్లు ఒత్తుగా కట్టినా మనుషులకు ఊపిరాడాలన్నది వాళ్ల ఆలోచన. పాపం, మంచివాళ్లు.

బిందువు ఎక్కడ పెట్టాలో మాత్రం సాఫ్ట్‌వేర్ చెప్పదు. మౌస్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లిష్టం. హైదరాబాదు కోకాపేటలో నలభయ్యో అంతస్తు బాల్కనీలో పెడితే గండిపేట చెరువు, ఆ పైన బోలెడంత ఆకాశం. అదే బిందువును ఆ టవరు నీడ పడే రేకుల ఇంటి అరుగు మీద పెట్టి తీసిన లెక్కను ఏ బ్రోచర్లోనూ ఇంతవరకు చూడలేదు. అరుగు మీద కూర్చున్నావిడ ఆకాశం పోయింది. పైనున్నాయనకు అదే ఆకాశం అమ్ముడుపోయింది. అంతస్తు పెరిగేకొద్దీ ‘ఫ్లోర్ రైజ్’, చెరువు కనబడితే ‘వ్యూ’ ఛార్జీ. చెరువు ప్రభుత్వానిది, ఆకాశం దేవుడిది, రసీదు బిల్డరుది.

లండన్ వాళ్లకు చాదస్తం ఎక్కువ. రిచ్‌మండ్ పార్కులో ఒక మిట్ట ఎక్కితే పది మైళ్ల అవతలి సెయింట్ పాల్స్ గుమ్మటం కనబడాలని ఆ చూపుదారికి రక్షణ పెట్టుకున్నారు. 2016లో స్ట్రాట్‌ఫర్డ్‌లో లేచిన ఓ టవరు దానికి అడ్డం రాలేదు. మర్యాదగా వెనక నిలబడి, గుమ్మటం భుజం మీంచి తొంగిచూసింది. నానా గొడవా అయింది.

హైదరాబాదులో ఆ గొడవే లేదు. ఎంత స్థలానికి ఎంత కట్టొచ్చో చెప్పే ఎఫ్‌ఎస్‌ఐ పరిమితిని 2006లోనే ఎత్తేశాం. తలుపే లేని ఇంటికి తాళం పగలగొట్టారని ఎవరు ఫిర్యాదు చేస్తారు? 2012 నాటి జీవో 168 ప్రకారం 18 మీటర్లు, ఆపైన ఎత్తుంటే హైరైజ్. ఎత్తు 21 మీటర్లలోపైతే చుట్టూ 7 మీటర్లు వదలాలి, ఎత్తు పెరిగితే ఇంకాస్త. ఆ వదిలేది కూడా ప్రధానంగా ఫైరింజన్ తిరగడానికి. కంటిచూపు తిరగడానికని ఎవరూ అనుకోలేదు. 2023లో ఇదే కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటి పాడుకున్నవాడు మన చూపు కోసం పై అంతస్తులు మానుకుంటాడా?

వాస్తు సిద్ధాంతిగారే నయం. ఏ సాఫ్ట్‌వేర్ లైసెన్సూ కొనకుండా ఈశాన్యం ఖాళీగా ఉంచమంటాడు, బిల్డరు వణుకుతూ ఉంచుతాడు.

అధికారులకు ఒక్క విన్నపం. ఈ సాఫ్ట్‌వేర్ వాడండి, కాదనం. కాకపోతే ప్లాను ఆమోదించేముందు బిందువును కొత్త బాల్కనీలో కాకుండా పక్కింటి కిటికీలో పెట్టించండి. ఎంత ఖాళీ పోతోందో ఆ అంకె సైటు బోర్డు మీద రెరా నంబరు పక్కనే రాయించండి.

కొనేవారికీ ఓ మాట. వ్యూ కోసం అదనంగా చెక్కు రాసేముందు, ఎదురుగా కనిపిస్తున్న ఖాళీ జాగా సర్వే నంబరు అడగండి. ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి దానికీ లేదు.