లస్కర్ స్తంభం ఆత్మకథ

కోల్‌కతాలో ప్రిన్సెప్ ఘాట్ సమీపాన, హుగ్లీ వైపు చూస్తూ నిలిచిన ఈ నూరడుగుల స్తంభం 1914–18 మహాయుద్ధంలో ప్రాణాలు కోల్పోయిన 896 మంది లస్కర్ల జ్ఞాపకార్థం పుట్టింది గనుక, దాని ఆత్మకథ పునాదిరాయితో కాక వారి పనితోనే మొదలు కావాలి. సేన అనే అర్థమున్న పారశీక పదం ‘లష్కర్’ నుంచి వచ్చిన ఈ మాట, కాలక్రమాన యూరపు వాణిజ్య నౌకల్లో కొలువు చేసిన భారతీయ నావికులకు పేరైంది. వారి ముఠాకు పెద్ద సరంగు. గోదావరి మీద లాంచీ నడిపేవాణ్ణి తెలుగువారు పిలిచే మాట కూడా ఇదే.

ఈ స్తంభం తలచుకునేది సైనికులను కాదు. 1914 నాటికి బ్రిటిష్ వాణిజ్య నౌకల్లో సుమారు 51 వేల మంది లస్కర్లు ఉండగా, అదే పనికి తెల్ల నావికుడికి ముట్టే జీతంలో వారికి దక్కింది మూడో వంతు, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. వారిలో ఎందరో ఓడ అడుగున, బాయిలర్ల కొలిములకు పారలతో బొగ్గు ఎగదోసే గదుల్లో పనిచేసేవారు. జలాంతర్గామి నీటి లోపలినుంచి వదిలే పేలుడు ఆయుధమైన టార్పెడో ఓడ పక్కను నీటిమట్టానికి దిగువనే చీలుస్తుంది కాబట్టి, లోపలికి దూకిన సముద్రమూ, పగిలిన బాయిలరు ఆవిరీ ముందుగా తాకేది వారినే. 1915 డిసెంబరు 30న క్రీటు ద్వీపం దాపున ‘పర్షియా’ అనే ప్రయాణికుల ఓడ టార్పెడో దెబ్బకు బాయిలరు పేలి కొద్ది నిమిషాల్లోనే మునిగినప్పుడు మూడు వందల మందికి పైగా మరణించారు, వారిలో లస్కర్లు అనేకులు. ఆ యుద్ధం మొత్తం మీద, ఈ స్తంభం తలచుకునే బెంగాలు ప్రాంతపు 896 మందితో కలిపి, సుమారు 3,400 మంది లస్కర్లు బలయ్యారు.

విలియం కీర్ రూపకల్పన చేయగా, 1924 ఫిబ్రవరి 6న బెంగాల్ గవర్నర్ లార్డ్ లిట్టన్ ఆవిష్కరించిన ఈ స్తంభం నాలుగు ముఖాలకూ అణియాలు, అంటే ఓడ ముందుకొసలు, వాటి కింద అలల చెక్కడాలు ఉన్నాయి. మృతులు కడసారి చూసిన నీటినే రాతిలో మోయడం దాని పుట్టుకతో వచ్చిన విధి. అటు తరువాత దశాబ్దాల నిరాదరణ, 1994లో పునరుద్ధరణ తప్ప తన గురించి అది చెప్పుకోవలసింది పెద్దగా లేదు.

చెప్పవలసింది ఆ మృతుల కుటుంబాల గురించి. బెంగాలు లస్కర్లలో అధికులు సిల్హెట్, నోవాఖాలి, చిట్టగాంగ్ ప్రాంతాల ముస్లిములు. సమాధిలో పిడికెడు మట్టి వేసి సాగనంపడం వారి ఆచారం కాగా, సముద్రం ఆ అవకాశమైనా మిగల్చలేదు. దేశవిభజనతో ఆ ఊళ్లలో అత్యధిక భాగం సరిహద్దు అవతల, నేటి బంగ్లాదేశ్‌లో ఉండిపోగా, వారి తాతముత్తాతల పేరిట నిలిచిన స్తంభం ఇవతల ఉండిపోయింది. ప్రిన్సెప్ ఘాట్ దాకా వెళ్లే తెలుగు పాఠకులు మరికొంత దూరం నడిచి, ఆ కుటుంబాల తరఫున కూడా ఒక్క క్షణం ఈ స్తంభం ముందు నిలబడాలి.