రెండు మిల్లీగ్రాముల నేను

నేను ఈస్ట్రడయోల్ మాత్రను, ఈస్ట్రోజెన్ జాతి స్త్రీ హార్మోన్‌ను. నాలో మందు రెండు మిల్లీగ్రాములు. పటాన్‌చెరు దాటాక ముంబై రోడ్డు పక్కన ఓ పారిశ్రామికవాడలో, మిగతా మందులకు ఎడంగా కట్టిన షెడ్డులో పుట్టాను. హార్మోన్లను విడిగా తయారుచేయాలన్నది నిబంధన. నా పొడి ఊపిరితో లోపలికి పోతే పనివాళ్ల ఒంట్లోనూ పనిచేస్తుంది మరి.

1935 ప్రాంతంలో అమెరికాలో ఎడ్వర్డ్ డాయిజీ బృందం నన్ను శుద్ధరూపంలో రాబట్టింది. అందుకు నాలుగు టన్నుల పంది అండాశయాలు పట్టాయి. చివరికి దక్కింది కొన్ని మిల్లీగ్రాములే. 1942లో చూడి గుర్రాల మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజెన్ మాత్ర అక్కడ అంగళ్లకెక్కింది. నిత్యయవ్వనం ఇస్తుందని దాన్ని ఆకాశానికెత్తారు. 1975లో గర్భసంచి క్యాన్సర్ ముప్పు బయటపడింది. అందుకే గర్భసంచి ఉన్నవాళ్లకు నాతోపాటు ప్రొజెస్టిరాన్ తరహా మందు కూడా ఇవ్వాలి.

మా జాతికి పెద్ద దెబ్బ 2002 జులైలో తగిలింది. 16,608 మంది స్త్రీలతో అమెరికాలో నడుస్తున్న పరీక్షను మధ్యలో ఆపేశారు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ తరహా మందు జంటగా వాడినవాళ్లలో ఏడాదికి ప్రతి 10,000 మందిలో రొమ్ము క్యాన్సర్లు 8, పక్షవాతాలు 8, గుండెజబ్బులు 7 ఎక్కువగా కనిపించాయి. తుంటి ఎముక విరగడాలు 5, పెద్దపేగు క్యాన్సర్లు 6 తగ్గాయి. భయం మాత్రమే ఊరూరా పాకింది. పరీక్షలో చేరినవాళ్ల సగటు వయసు 63 అన్న మాట చాలామంది చెవిన పడనేలేదు. ముట్లు ఆగిన పదేళ్లలోపు, అరవై దాటకముందు మొదలుపెట్టినవాళ్లలో లెక్క వేరుగా ఉంటుందని తర్వాతి విశ్లేషణలు చెప్పాయి. నాకు వేళ ముఖ్యం. వేళ మించాక వస్తే మేలు కన్నా కీడే ఎక్కువ కావచ్చు.

ఇంతకీ నా మనసులో మెదిలేది అమెరికా కాదు, మా ప్యాకింగ్ హాలు. స్ట్రిప్పులు బెల్టు మీద వస్తుంటే ఏరి చూసే ఒకామెకు ముసుగులో ముఖం తడిసిపోయేది.

"అక్కా, ఏసీల గూడ గట్ల చెమటలు వట్టినయేంది?" అంది పక్కన పిల్ల.

"గర్భసంచి దీసినకాడికెళ్లి గిట్లనే సెల్లే. లోపలికెళ్లి సెగలొస్తయి. నిద్ర రాదు, నడుము గుంజుతది."

"ఎప్పుడైంది?"

"ముప్పై నిండలే. తెల్లబట్ట అయితుందని పోతే క్యాన్సరైతదని బెదిరిచ్చిండ్రు."

ఆమె చేతిలోనే ఉన్నాను నేను. నా పేరు ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ స్ట్రిప్పు ఆమెను దాటి డబ్బాలోకి పోయింది.

ఇది ఆమె ఒక్కరి గోడు కాదు. ఉమ్మడి మెదక్ పల్లెల్లో ఇలాంటి అక్కర్లేని ఆపరేషన్ల గురించి డాక్టర్ కామేశ్వరి, డాక్టర్ ప్రకాశ్ వింజమూరి ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో నూటికి 3 మంది. తెలంగాణలో దాదాపు 8, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9. అనవసర ఆపరేషన్లను అరికట్టే కేంద్ర మార్గదర్శకాలను రాష్ట్రాలు పాటించాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో ఆదేశించింది. మరి అప్పటికే కోత పడ్డవాళ్ల సంగతి?

అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై ఏళ్లకే ఒంట్లో నేను దాదాపు లేకుండా పోతాను. ఎముకలు గుల్లబారతాయి, గుండెకు ముప్పు పెరుగుతుంది. గర్భసంచి ఒక్కటే తీసినా కొందరిలో అండాశయాలు ముందే ఉడిగిపోతాయి. నలభై అయిదుకు ముందే ఇలా జరిగినవాళ్లకు, అడ్డంకులేమీ లేకపోతే, సహజంగా ముట్లుడిగే వయసు దాకా, అంటే సుమారు యాభై వరకు, హార్మోన్ ఇవ్వాలని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. సగటు వయసు అరవై దాటినవాళ్ల మీద తేలిన భయాన్ని వీళ్ల మీద రుద్దడం అన్యాయం. నన్ను అందరికీ పంచమనడం లేదు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకు, రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టినవాళ్లకు, కాలేయ జబ్బున్నవాళ్లకు, కారణం తెలియని రక్తస్రావం ఉన్నవాళ్లకు నేను పనికిరాను.

అమ్మా, మీకు చిన్న వయసులోనే ఆ ఆపరేషన్ అయి ఉంటే డిశ్చార్జి కాగితం వెతికి పెట్టుకోండి. అండాశయాలు ఉంచారా, తీశారా అని అడిగి రాయించుకోండి. ఆ కాగితంతో సర్కారు దవాఖానాలో ఆడవాళ్ల డాక్టరును కలవండి. మెడికల్ షాపులో మీకై మీరు మాత్రం నన్ను కొనకండి.