తుప్ప కొట్టు, లాన్ పెట్టు

మన సర్కారు వారికి అడవంటే ఎంత ప్రేమంటే, అది అడవిలా ఉంటే చూడలేరు. ఓ గేటు, దాని పక్కన టిక్కెట్ల గది, లోపల లాన్, లాన్ మధ్య సెల్ఫీ పాయింటు పడేదాకా వారికి కంటిమీద కునుకుండదు. అన్నీ పడ్డాక ‘నేచర్ పార్కు’ అని బోర్డు కడతారు.

విశాఖ పక్కనున్న కంబాలకొండనే తీసుకోండి. ఒకప్పుడు విజయనగరం మహారాజుల అధీనంలో ఉన్న అడవి. 1970లో అటవీశాఖ చేతికొచ్చింది, 2002లో అభయారణ్యమైంది. దగ్గర దగ్గర 70 చదరపు కిలోమీటర్లు. చిరుతలు తిరిగే ఈ కొండల్ని శ్రీకాకుళం నుంచి విశాఖ వెళ్లేవాళ్లు బస్సు కిటికీలోంచి చూస్తూనే ఉంటారు. కానీ కంబాలకొండ అనగానే మనకు గుర్తొచ్చేది పడవలు తిరిగే నీళ్లు, ఆ చుట్టుపక్కల కాస్త జాగా. మిగతా అడవంతా ఫొటోకి బ్యాక్‌గ్రౌండు!

అభయారణ్యంలో ప్రాణుల ఆవాసం చెరపకూడదని, టూరిస్టు లాడ్జీలూ సఫారీ పార్కులూ కట్టాలంటే వన్యప్రాణి మండలి అనుమతి కావాలని 1972 నాటి చట్టం అంటోంది. ఇదో తలనొప్పి. ఇక 2023లో అటవీ సంరక్షణ చట్టాన్నీ సవరించుకున్నారు. ప్రణాళికలో రాసుకున్న ఎకో టూరిజం వసతులు, అభయారణ్యాల బయటి అడవుల్లో సర్కారువారి జూలు, సఫారీలు ఇకమీదట అటవీయేతర పనులు కావట. సవర ముసలమ్మ కట్టెలమోపు తెచ్చుకుంటే అడవికి చేటు. క్యాంటీన్‌లో మిర్చిబజ్జీ వేగితే మాత్రం అది అడవి పనే! తమ అనుమతి లేకుండా అటవీ భూముల్లో జూలు, సఫారీలు పెట్టొద్దని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

చట్టం సంగతలా ఉంచి, పార్కు పని ఎలా మొదలవుతుందో చూడండి. ముందు ‘జంగిల్ క్లియరెన్స్’. అంటే తుప్పలు కొట్టడం. మన తీరం కొండల మీద ఉండేవే పొట్టి చెట్లు, కలివి, బలుసు, రేగు తుప్పలు. కుందేలు దాక్కునేది అందులోనే, కౌజు గుడ్లు పెట్టేది అందులోనే, ఉడుము దూరేది అందులోనే. అదంతా గొడ్డలికిచ్చి, ట్యాంకరు నీళ్లతో గడ్డి పెంచుతారు. జింక లేని లోటు సిమెంటు జింక తీరుస్తుంది. చెత్తడబ్బాగా నోరు తెరుచుకుని పెంగ్విన్ నిలబడుతుంది. మండుటెండలో పాపం దాని నోరు ఖాళీ. చిప్స్ ప్యాకెట్లన్నీ దాని కాళ్ల దగ్గర. “ఏటి బావూ, అడివిని సూద్దారని వొస్తే అడివినే కొట్టేసినారేటి?” అని ఏ పెద్దాయనో అడిగితే, టిక్కెట్టు చూపించమంటారు.

టిక్కెట్టు లేని చోట మాత్రం ప్రేమ ఆమడ దూరంలో ఆగిపోతుంది. 2007లో ఒడిశా అడవుల నుంచి మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోకి ఏనుగులు దిగాయి. అప్పట్నుంచీ పంట పోయేది రైతుకి, ప్రాణం పోయేది ఇద్దరికీ. 2023 మే 12న భామిని మండలం కాట్రగడ దగ్గర కరెంటు షాకు కొట్టి నాలుగు ఏనుగులు చచ్చిపోయాయి. వాటికి కావలసింది తిండి, నీళ్లు, అడవి నుంచి అడవికి దారి. దారికి గేటు పెట్టలేం, ఏనుగుతో రిబ్బను కత్తిరించలేం. ఇక ఆ ఫైలు ఎవరు కదుపుతారు?

పార్కు నడపడం ఎలాగో తెలియకపోతే టెక్కలి దగ్గర తేలినీలాపురం వెళ్లి రండి. ఎర్రకాళ్ల కొంగలూ గూడబాతులూ ఏటా వచ్చి ఊరి చెట్ల మీదే గూళ్లు కడతాయి. రెట్టల కంపు భరిస్తూ, పురిటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు ఊరివాళ్లు. చెట్టు కొట్టరు, పిట్టని కొట్టనివ్వరు. యాజమాన్యం అంటే అంతే. మొదటి హక్కు లోపలున్నవాటిది, రెండోది చూడ్డానికొచ్చేవాళ్లది.

అందుకే, ఈ ఏడాది ఎన్ని వేలమంది వచ్చారన్న లెక్క మాకొద్దు. ఎన్ని ఎకరాల తుప్ప మిగిలిందో, ఎండాకాలం ఎన్ని కొండలు తగలబడకుండా ఆపారో, ఆ నిప్పు ఆర్పిన వాచరుకి ఏ నెల దాకా జీతం అందిందో గేటు దగ్గర బోర్డు మీద రాయండి. ఆ మూడూ రాయగలిగిన రోజున, టిక్కెట్టు రేటు రెట్టింపు చేసినా నోరెత్తకుండా కొనుక్కుంటాం.