కోయతాకు సెలవెక్కడ?

వారాంతం, అనగా శని ఆదివారాల్లో నగరవాసి మంచం దిగకుండా ఆచరించే దీక్ష, తెలంగాణలోని నారాయణఖేడ్ తండాలకు ఇంకా చేరలేదు. 1890లో నారాయణ్ మేఘాజీ లోఖండే బొంబాయి మిల్లు కార్మికులకు సాధించిపెట్టిన ఆదివారపు సెలవు, చెరకు నరకడానికి పొరుగు రాష్ట్రాలకు వలసపోయే ఇక్కడి కూలీలను పలకరించనైనా లేదు. మహారాష్ట్ర తోటల్లో ఆలుమగలిద్దరినీ కలిపి ఒకే ‘కోయతా’గా, అంటే ఒకే కొడవలిగా లెక్కించే ముఠా మేస్త్రీకి (లెక్కల్లో ఎంత పొదుపరి!) కొడవలికి విశ్రాంతి అవసరమన్న సంగతి తట్టదు. 2025 జూలైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల పనిని అనుమతిస్తూనే, వారానికి 48 గంటలు మించరాదని దయతలచింది. చెరకు తోట వాణిజ్య సంస్థ కాదు కనుక, ఆ దయ కూడా గట్టు దాటదు.