పెద్దల ఆరోగ్య బీమా: మంథని సలహా శాస్త్రం

డెబ్బై ఏళ్లు నిండిన మనిషికి ప్రభుత్వ ఆరోగ్య బీమా గురించి, అడిగినా అడగకపోయినా, ఎదుటివారు చెప్పే మాటను సలహా అంటారు. పెద్దపల్లి జిల్లా మంథనిలో ఇది విరివిగా లభిస్తుంది. గోదావరి ఒడ్డున వేద పండితులకు పేరుపడ్డ ఊరు ఇది. 1957 నుంచి 1977 దాకా పి.వి. నరసింహారావును శాసనసభకు పంపి, తర్వాత ఆయన ప్రధాని కావడం చూసిన నియోజకవర్గం ఇది. అందుచేత ఢిల్లీలో రాసిన సూత్రానికి ఇక్కడ భాష్యకారుల కొరత ఎన్నడూ లేదు. అరగంట పక్కన కూర్చుని కార్డు చేసి చేతిలో పెట్టేవారే అరుదు.

పథకాల పుట్టుపూర్వోత్తరాలు ఇవి. ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాల్లో మొదలై, తర్వాత అంతటా విస్తరించింది. ఆయుష్మాన్ భారత్‌ను కేంద్రం 2018 సెప్టెంబర్ 23న రాంచీలో ప్రారంభించింది. తెలంగాణ అందులో 2021 మేలో చేరింది. 2023 డిసెంబర్ 9న రాష్ట్రం ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచింది. డెబ్బై దాటిన వారందరికీ ఆదాయంతో పనిలేకుండా బీమా ఇవ్వాలని కేంద్ర మంత్రివర్గం 2024 సెప్టెంబర్ 11న నిర్ణయించగా, అక్టోబర్ 29న ఆయుష్మాన్ వయ వందన కార్డు వచ్చింది. ఆయుష్మాన్‌లో అప్పటికే ఉన్న కుటుంబంలోని పెద్దలకు, చిన్నవాళ్లతో పంచుకోనక్కర్లేని మరో 5 లక్షలు దీని ద్వారా వస్తాయి. మిగతావారికి కుటుంబం లెక్కన ఏటా 5 లక్షలు. భార్యాభర్తలిద్దరూ డెబ్బై దాటితే ఆ 5 లక్షలు ఇద్దరివీ. సలహాదారు ఈ అంకెలన్నీ కూడి 20 లక్షలు తేలుస్తాడు. పెద్దయ్య దగ్గర అప్పటికి ఏ కార్డూ ఉండదు.

అర్హతకు మొదటి మెట్టు వయసు. మంథని పెద్దల వయసు మూడు విధాలు. ఒకటి చరిత్ర వయసు: 1948లో పోలీసు చర్య నాటికి చంటిపిల్లా, నడక వచ్చిన పిల్లా అన్నదాన్ని బట్టి తేలేది. రెండు, గోదావరి వయసు: పన్నెండేళ్లకోసారి వచ్చే పుష్కరాల్లో ఎన్నింట మునిగారో చూసి, 2015, 2003 అంటూ వెనక్కి లెక్కగట్టేది. మూడు, ఆధార్ వయసు: నమోదునాడు కంప్యూటర్ ముందున్న పిల్లవాడు ముఖం చూసి వేసిన అంచనా. దీనికి జనవరి 1 అనే పుట్టినరోజు అదనం. మొదటి రెండూ నమ్మదగినవి. చెల్లేది మాత్రం మూడోదే. ఆధార్‌లో అరవై ఎనిమిది ఉన్న అవ్వకు మనుమరాలి ఇంట మనుమడు పుట్టినా అరవై ఎనిమిదే. ఆధార్‌లో పుట్టిన తేదీని ఒక్కసారి సరిచేసుకోవచ్చు, అందుకు పుట్టుక రుజువు కావాలి. ఆమె పుట్టిననాడు ఊళ్లో మంత్రసాని ఉంది, మున్సిపాలిటీ లేదు.

వయసు కుదిరాక ఈ-కేవైసీ. ఆయుష్మాన్ యాప్‌లో దీనికి నాలుగు దారులు: ఓటీపీ, వేలిముద్ర, కంటిపాప, ముఖం. ఓటీపీ పోయే నంబరు మస్కట్‌లో ఉన్న కొడుకుది. అది అందేసరికి అక్కడ డ్యూటీ, ఇక్కడ గడువు ముగింపు. నాట్లు వేసి, బీడీలు చుట్టి వేలిగీతలు అరిగిపోయాయి. కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. ఇక మిగిలింది ముఖం. మనిషి ప్రాణంతో ఉన్నట్టు నమ్మకం కుదరాలని ఫోను కండ్లు మూసి తెరవమంటుంది. మూసినప్పుడు సిగ్నల్ ఉంటుంది, తెరిచేసరికి పోతుంది. సలహాదారు వేలు చూపించి వెళతాడు, పథకం వేలిముద్ర అడుగుతుంది. ఈ రెంటి నడుమ ఉన్నదే నమోదు సమస్య మొత్తం.

సలహాదారుల్లో ఐదు భేదాలు ప్రసిద్ధం. అరుగు సలహాదారుది ఒకటే వాక్యం: “అంతా ఫ్రీయే కాకా, రూపాయి పెట్టేదుండది.” ఈయన తానింకా నమోదు కాలేదు. జెండా సలహాదారుకు రోగంకన్నా మంచం మీద ఎవరి బొమ్మ ఉండాలన్నది ముఖ్యం. కేంద్రం ఇచ్చిందా రాష్ట్రం ఇచ్చిందా అన్నది తేలేవరకు రోగి ఓపిక పట్టాలి. మీసేవ సలహాదారు “సర్వర్ డౌన్ ఉన్నది, రేపు రా పెద్దమ్మా” అంటాడు. ఐదుగురిలో కచ్చితంగా నిజం చెప్పేది ఈయనొక్కడే. వాట్సాప్ సలహాదారు “ఈ నెలాఖరే ఆఖరు” అంటూ ఒక లింకు పంపుతాడు. ఈ కార్డుకు ఆఖరు తేదీ లేదు, నమోదుకు రుసుము లేదు. ఎవరికైనా ఓటీపీ చదివి వినిపిస్తే ఖాళీ అయ్యేది బ్యాంకు ఖాతా.

ఐదోవాడు విదేశీ సలహాదారు, అంటే అమెరికాలోని కొడుకు. రాత్రి వీడియో కాల్‌లో “బాపూ, ఇక్కడైతే మెడికేర్ ఉంటది” అని మొదలుపెడతాడు. 1965 జూలై 30న అధ్యక్షుడు జాన్సన్ సంతకంతో వచ్చిన ఆ పథకం అరవై ఐదేళ్ల వారికి. చేరడానికి పుట్టిన నెల చుట్టూ ఏడు నెలల గడువుంటుంది. సరైన కారణం లేకుండా దాటిస్తే, పార్ట్ బి ప్రీమియం మీద ఆలస్యమైన ప్రతి పూర్తి ఏడాదికీ 10 శాతం జరిమానా పడుతుంది. గ్రీన్ కార్డు మీద పోయిన తల్లిదండ్రులకైతే అయిదేళ్లు అక్కడే ఉన్నాకగానీ అందులోకి ప్రవేశం లేదు. అయితే ఆ దేశం ఒక పని చేసింది. పథకం చిక్కుముడి అని ఒప్పుకుని, పెద్దలకు ఉచితంగా, ఏ కంపెనీ పక్షమూ వహించకుండా వివరించడానికి 1990 చట్టంతో ‘షిప్’ అనే ఏర్పాటు పెట్టి, రాష్ట్రరాష్ట్రాన సలహాదారులకు శిక్షణ ఇస్తోంది. మంథనిలో ఆ శిక్షణ పుట్టుకతోనే వస్తుంది గనుక ప్రత్యేక ఏర్పాటు అవసరపడలేదు. గడువూ జరిమానా లేనందువల్ల మరో విశేషం కలిగింది: ఇక్కడ నమోదు తలంపు చాలా ఇళ్లలో 108 అంబులెన్స్ వాకిట్లోకి వచ్చిన తర్వాతే కలుగుతుంది.

బీమా ఏజెంటు వేరే జాతి. ప్రైవేటు పాలసీ కొనడానికి అరవై ఐదేళ్ల హద్దును నియంత్రణ సంస్థ 2024 ఏప్రిల్‌లో ఎత్తేసింది. వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద 18 శాతం జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22న సున్నా అయింది. తలుపు తెరుచుకుంది, గడప మాత్రం ఎత్తుగానే ఉంది: ముందునుంచీ ఉన్న రోగానికి మూడేళ్ల దాకా వేచి ఉండాలని పాలసీ షరతు పెట్టవచ్చు. వయ వందనలో ఈ నిరీక్షణ లేదు, పాత రోగానికి తొలిరోజు నుంచే వర్తిస్తుంది. ప్రైవేటు పాలసీ, ఈఎస్ఐ ఉన్నవారు దాన్నీ దీన్నీ రెంటినీ ఉంచుకోవచ్చు. కేంద్ర ఉద్యోగుల సీజీహెచ్ఎస్, మాజీ సైనికుల ఈసీహెచ్ఎస్, కేంద్ర సాయుధ బలగాల ఆయుష్మాన్ పథకం ఉన్నవారు మాత్రం ఏదో ఒకటి ఎంచుకోవాలి.

వర్తించేవి, వర్తించనివి. వర్తించేది మంచం, అంటే దవాఖానలో చేరి పొందే చికిత్స. ఆయుష్మాన్‌లో చేరడానికి ముందు మూడు రోజులు, ఇంటికి వచ్చాక పదిహేను రోజుల మందులు, పరీక్షలు కూడా లెక్కలోకి వస్తాయి. వర్తించనివి డాక్టరును చూసి వచ్చే ఓపీ ఫీజు, నెలనెలా మింగే బీపీ, షుగరు గోళీలు, కంటి అద్దాలు, చెవి మిషను. రోగం చిన్నగా ఉన్నన్నాళ్లు ఖర్చు రోగిది, ముదిరాక సర్కారుది. పైసలు ఆదా చేయదలచిన వృద్ధుడు చేయవలసిందేమిటో పథకమే సూచిస్తోంది. అంత ధైర్యం చాలనివారికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగరు మందులు ఉచితంగా ఇస్తారు, అవి ఉన్నరోజున. దవాఖానకు దారి ఖర్చు వేరే లెక్క. ఆరోగ్యశ్రీ పరిమితి పెరిగిన 2023 డిసెంబర్ 9నాడే మహిళలకు ఉచిత బస్సు కూడా మొదలైంది. కాబట్టి కరీంనగర్ దవాఖానకు అవ్వ ఉచితంగా పోతుంది, తాత టికెట్ తీసుకుంటాడు. రోగి ఎవరన్నది కండక్టరుకు సంబంధం లేదు.

దవాఖానలో దిగాక చూడవలసింది ఆరోగ్యమిత్ర కూర్చునే బల్ల. ఆ దవాఖాన పథకం జాబితాలో ఉందా, ఆ జబ్బు ప్యాకేజీలో ఉందా అని చేరకముందే అక్కడ అడగాలి. చికిత్స నగదు రహితం. సర్కారు బకాయిలు పేరుకుపోతే దవాఖానకూ అది నగదు రహితమే అవుతుంది. ఈ కారణంగానే 2025 జనవరిలో ఒకసారి, సెప్టెంబర్‌లో మరోసారి ప్రైవేటు దవాఖానలు ఆరోగ్యశ్రీ సేవలు నిలిపివేశాయి. గుండెపోటు దవాఖానల సంఘం ప్రకటన చూసుకుని రాదు. కాబట్టి చేరేముందు ఫోను చేసి కనుక్కోవాలి.

చేయవలసిన పనుల వరుస ఇది. ఒంట్లో బాగున్నప్పుడే ఆధార్‌లో వయసు, ఫోను నంబరు సరిచూసుకోవాలి. ఆ నంబరున్న ఫోను ఇంట్లోనే ఉండాలి. సిగ్నల్ అందేచోట కూర్చుని యాప్‌లో కార్డు చేయించి, కాగితం మీద అచ్చు తీయించుకోవాలి. రేషన్ కార్డుతో కలిపి దాన్ని ఒకే సంచిలో పెట్టి, సంచి ఎక్కడుందో కనీసం ఇద్దరికి చెప్పాలి. సందేహాలకు ఆయుష్మాన్ నంబరు 14555, ఆరోగ్యశ్రీకి 104. నగదు రహిత చికిత్సకు ఎవరైనా డబ్బు అడిగితే, రశీదు అడిగి ఈ నంబర్లకే ఫిర్యాదు చేయాలి. ఫిర్యాదుకు డెబ్బై నిండనక్కర్లేదు.